బోదె పక్క రోలు

మా ఇల్లు చూడ్డానికి జనం వస్తారు. చూస్తే ఇల్లేమైనా అరిగిపోతుందా అనుకునేదాన్ని మొదట్లో. ఇల్లు బాగానే ఉంది. అరిగినవి నా మోకాళ్ళు.

రాజోలు దగ్గర కాలవగట్టు ఊరు మాది. మా మామగారి తాతగారు కట్టించిన మండువా ఇల్లు. నడిమధ్య ఆకాశం కనపడుతుంది, చుట్టూ టేకు స్తంభాలు, పైన పెంకు. వానొస్తే నాలుగు వైపుల చూరునీళ్ళూ మండువాలోకి దూకుతుంటే చూడముచ్చటగా ఉంటుందంటారు. ఉంటుంది, నేను కాదనను. ఆ నీళ్ళు బయటికి పోయే తూములో కొబ్బరిపీచు అడ్డం పడితే వానలో వంగి చెయ్యి పెట్టి లాగేది నేను కాబట్టి, నాకు అంత ముచ్చటగా కనపడదు.

ఇల్లు జనానికి చూపించాలన్న ఆలోచన మా ఆయనది. మనిషి మంచివారే. ఒక ఎండాకాలం కాలు బెణికి మంచమెక్కారు, తోచక ఫోనులో వీడియోలు చూడ్డం మరిగారు. అందులో ఇంగ్లండు పల్లెల్లో పాత ఇళ్ళు. కోటల్లాంటి ఇళ్ళు, వాటి ముందు నున్నటి పచ్చిక, కత్తిరించిన పొదలు, గులాబీలు. ఒకరోజు నేను కందబచ్చలి కూరకి కంద చెక్కుతుంటే చేతులు దురదలు పుట్టి గోక్కుంటూ కూర్చున్నాను. ఆయన కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చారు.

"ఇది విన్నావటే? ఆ ఇళ్ళవాళ్ళు టిక్కెట్టు పెట్టి ఇల్లు చూపిస్తారట. పెద్ద పెద్ద లార్డులే. జనం వచ్చి గదులన్నీ తిరుగుతుంటే, వాళ్ళేమో వంటింటి వెనకాల రెండు గదుల్లో సర్దుకుంటారట."

"అయితే ఏంటండీ ఇప్పుడు?"

"ఏం లేదు. మనిల్లు మాత్రం ఏం తీసిపోయింది అనీ."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, అదీ సంగతి. దిండిలో పడవ ఇళ్ళు చూసి వెళ్ళేవాళ్ళు ఎలాగూ మా రోడ్డునే పోతారు. ఆ ఏడు దసరా వెళ్ళేసరికి ముందు గదుల్లో మంచాలు పడ్డాయి, గోడకి రంగులు పడ్డాయి, వాకిట్లో నేను ధాన్యం ఆరబోసుకునే కళ్ళం చోట పచ్చిక లాను పడింది. మేమిద్దరం వంటింటి వెనక గాదెల గదిలోకి మారాం. లార్డుల లెక్కన ఆయనకి అదో గొప్ప. నాకు మాత్రం ఆ గదిలో పాత వడ్ల వాసనకి తుమ్ములు.

వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే, అదే నా బాధ. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని పడుకోవచ్చు. "ఆంటీ, మీ ఇల్లు ఎంత బావుందండీ" అంటారు. దిబ్బరొట్టె ఇంకో ముక్క కావాలంటారు. "ఒక్కసారి రోకలి పట్టుకుని నిలబడతారా, ఫోటో తీసుకుంటాం" అంటారు. మా ఇంట్లో రోకలి పట్టి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు, మిక్సీ ఉంది. అయినా నిలబడతాను. వచ్చినవాళ్ళు తినకుండా మనం తినకూడదు. వాళ్ళు పొద్దెక్కాక లేస్తారు, రెండింటికి భోంచేస్తారు. నా అన్నం మూడింటికి. పొద్దుటి నుంచి ఆ మూడింటి వరకూ నా మొహం మీద ఒక నవ్వు ఉండాలి. దవడలు నొప్పెడతాయంటే నమ్ముతారా?

నాకని మిగిలిన చోటు ఒక్కటే. పెరట్లో, కూలిపోయిన గొడ్లసావిడి గోడకీ పొలాలకి నీళ్ళు పోయే పంటబోదెకీ మధ్య ఒక మూల ఉంది. గొడ్లు పోయిన తర్వాత అటు ఎవరూ వెళ్ళలేదు. ఉత్తరేణి, కుప్పింటాకు, అత్తిపత్తి ఇష్టం వచ్చినట్టు లేచాయి. కూలిన గోడ మీదికి కాశీరత్నం తీగ పాకింది. మా అత్తగారి రుబ్బురోలు ఒకటి పక్కకి పగిలిపోతే అక్కడ బోర్లించి వదిలేశారు. అంట్లు తోమించి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ నేను వెళ్ళి ఆ రోలు మీద కూర్చునేదాన్ని. ఏం చేసేదాన్ని అంటే ఏమీ చేసేదాన్ని కాదు. జెముడుకాకి ఒకటి గడ్డిలో బరువుగా నడుచుకుంటూ పోయేది. బోదె మీదికి వంగిన కొమ్మ మీద లకుముకిపిట్ట కూర్చునేది. ఒక ముంగిస గోడ కన్నంలోంచి తల పెట్టి, నేనే కదా అని చూసుకుని, తన పని మీద తను పోయేది. నన్ను నవ్వమని అడగని వాళ్ళు ఆ ముగ్గురే.

ఆ మూల కూడా లాను చేస్తానని మా ఆయన అప్పుడప్పుడూ అనేవారు. "పాములండీ అక్కడ, వద్దు" అని భయపెట్టి ఆపుతూ వచ్చాను. ఆ చోటు పోతే ఈ ఇంట్లో నేను బతకలేననిపించేది. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. ఇంతకీ ఏమని చెప్తాను, కలుపుమొక్కలు కావాలనా?

మాఘమాసంలో ఒక ఇంగ్లీషావిడ వచ్చారు. డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్లటి జుట్టు, గడ్డి టోపీ, మెడలో బైనాక్యులర్సు. ఒక్కరే వచ్చారు, వారం రోజులు ఉంటానన్నారు. మా ఆయన ఆనందం చూడాలి! పెళ్ళినాడు కూడా అంత హడావిడి పడలేదు. "నిజమైన ఇంగ్లీషు దొరసానే! మన లాను చూసి ఏమంటారో" అని తెల్లారకుండానే పైపు పట్టుకుని నీళ్ళు కొట్టారు. ఆవిడ లాను చూసి "లవ్లీ" అన్నారు. స్తంభాలు చూసి లవ్లీ, పెసరట్టు తిని లవ్లీ. ఈవిడ కూడా మా గోదారి వాళ్ళలాగే ఉన్నారు, నచ్చనిది నచ్చలేదని చచ్చినా అనరు అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లోకి వెళ్ళేసరికి ఆవిడ నా రోలు మీద కూర్చుని ఉన్నారు.

ఒళ్ళు మండిపోయింది. అంత పెద్ద ఇల్లిచ్చాం, ఇన్ని గదులిచ్చాం, ఇది కూడా కావలసొచ్చిందా తల్లీ నీకు అనుకున్నాను. ఆవిడ నన్ను చూసి కంగారుగా పక్కకి జరిగి, రోలు మీద నాకు కాస్త చోటిచ్చారు. వెళ్ళిపోదామనుకున్నాను, కాళ్ళు ఒప్పుకోలేదు. కూర్చున్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఎంత సేపటికీ మాట్లాడలేదు! "ఈ ఇంటికి ఎన్నేళ్ళు", "మీకు పిల్లలెంతమంది" అని అడగలేదు. జెముడుకాకి వస్తే వేలు చూపించి కనుబొమలెగరేశారు. "జెముడుకాకి" అన్నాను. ఆవిడ రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని, పలకలేక నవ్వేశారు. నేనూ నవ్వాను, అడగకుండానే.

అలా రోజూ మధ్యాహ్నం ఇద్దరం. ఈ వయసులో నాకో స్నేహితురాలు దొరుకుతుందని, అదీ మాటల్లేని స్నేహమని అనుకోలేదు.

ఈ సంగతి మా ఆయన కంట పడింది.

"ఏమే, ఆవిడ ఆ తుప్పల్లో కూర్చుంటున్నారేంటి? ఇంటికొచ్చిన మనిషి తుప్పల్లో కూర్చుంటే ఊళ్ళో వాళ్ళు మన మొహాన ఉమ్మెయ్యరూ?"

"ఆవిడకి అదే ఇష్టమండీ. వదిలెయ్యండి."

"ఇష్టం అనే అంటారు. మర్యాదస్తులు వేరే ఏమంటారు? నీడుంది, బోదె గాలుంది, కూర్చోడానికి సరైన చోటే లేదు. అడగలేక అక్కడ కూర్చుని మనకి తెలియజేస్తున్నారే. ఆ మాత్రం గ్రహించకపోతే ఎలా?"

ఇదీ మా వాళ్ళ పద్ధతి. విస్తట్లో కూర అయిపోతే ఎవరూ అడగరు, వేళ్ళతో అంచు సర్దుతారు. వడ్డించేవాళ్ళు గ్రహించాలి. వద్దండీ వద్దండీ అని చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్కనుంచి పెట్టాలి. అడగకముందే చేసేదే మర్యాద, అడిగించుకున్నాక చేస్తే అది ముష్టి. ఈ పద్ధతిలో పెరిగిన మనిషికి, ఒకావిడ తుప్పల్లో కూర్చుంది అంటే తుప్పలే కావలసి కూర్చుందని ఏ దేవుడు దిగొచ్చి చెప్పినా ఎక్కదు.

మర్నాడు నాకు అమలాపురంలో మోకాళ్ళ డాక్టరు దగ్గర పని. పొద్దున్నే ఆటో ఎక్కాను. తిరిగొచ్చేసరికి రెండు దాటింది. వీధి గుమ్మంలోనే పచ్చి ఆకు కాలుతున్న వాసన తగిలింది. చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోంచి పెరట్లోకి నడిచాను.

ఏముంది అక్కడ? నున్నగా గీరేసిన నేల. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టారు. కాశీరత్నాన్ని వేళ్ళతో సహా లాగేశారు. గోడ కన్నాల్లో సిమెంటు కూరారు. బోదె మీదికి వంగిన కొమ్మ లేదు. మధ్యలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద పూలపూల గొడుగు, రెండు పక్కలా కుండీల్లో క్రోటన్లు. కూలికొచ్చినాయన కత్తి కడుక్కుంటూ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆయ్, అయిపోయిందండి అమ్మగారూ. అయ్యగారు దగ్గరుండి చేయించేరండి. అద్దంలా ఉంది కదండీ?"

"రోలేదయ్యా?"

"ముందు వాకిట్లో పెట్టించేరండి."

వెళ్ళి చూశాను. లాను నడిమధ్య నా రోలు వెల్లకిలా ఉంది. పగులుకి సిమెంటు పూసి, నీళ్ళు పోసి, పైన మందారాలు వేశారు. దిండి వైపు హోటళ్ళలో అలాగే పెడతారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటే ఇదే.

సాయంత్రం మా ఆయన పెళ్ళికొడుకులా తలదువ్వుకుని ఆవిణ్ణి తీసుకొచ్చారు. "ఫర్ యూ మేడమ్" అని చేత్తో చూపించారు. ఆవిడ నిలబడిపోయారు. టోపీ అంచు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవిడ మా ఆయన మొహంలోకి చూశారు. ఆ మొహంలో ఏముందో నాకు తెలుసు. చిన్నపిల్లాడు బొమ్మ గీసి తెచ్చినప్పుడు ఉండే ఆశ అది. ఆవిడకీ తెలిసినట్టుంది. "లవ్లీ" అన్నారు. "థాంక్యూ సో మచ్" అని ఆ ఎర్ర కుర్చీలో కూర్చుని, ఆయన ఫోటో తీస్తుంటే నవ్వారు కూడా. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వే. దవడలు నొప్పెట్టే నవ్వు.

నేను వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పిచ్చిమొక్కల కోసం ఏడుస్తావా అని నన్ను నేనే తిట్టుకున్నాను కానీ ఏడుపు ఆగలేదు. అలసటంతా ఒక్కసారే మీద పడింది. అప్పుడొచ్చారు ఆవిడ. మా వంటింట్లోకి బయటివాళ్ళని రానివ్వం, ఆవిడ అడగనూ లేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపలికొచ్చి, పీట లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

నాది అమలాపురం కాలేజీ ఇంగ్లీషు. వింటే అర్థమవుతుంది, నోరే తిరగదు. ఆవిడ మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. తను అక్కడ కూర్చోకుండా ఉండాల్సిందట. నా చోటు తన వల్లే పోయిందట. నేను తల అడ్డంగా ఊపాను. తర్వాత తన ఇంటి సంగతి చెప్పారు. వాళ్ళదీ అలాంటి పాత ఇల్లేనట. పైకప్పు కారుతుంటే బాగుచేయించే స్తోమత లేక వాళ్ళ నాన్నగారు ఆదివారాలు జనాన్ని రానిచ్చేవారట. వీళ్ళు నిద్ర లేచిన మంచాల పక్కనుంచే మనుషులు నడిచిపోయేవారట. వాళ్ళమ్మగారు గుమ్మంలో నిలబడి పొద్దుటి నుంచి సాయంత్రం వరకూ అందర్నీ పలకరించాలి.

"మా తోటలో ప్రతి చెట్టునీ దువ్వినట్టు కత్తిరించేవాళ్ళు" అన్నారు ఆవిడ. "మొక్కలు పెంచే గాజుగది గోడ వెనక మాత్రం ముట్టుకుంటే దద్దుర్లు లేచే మొక్కలు నడుం ఎత్తున ఉండేవి. వాటి జోలికి వెళ్ళొద్దని అమ్మ తోటమాలికి గట్టిగా చెప్పింది. అమ్మకి ఆ మొక్కలంటే ఎంతో ఇష్టమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. పెద్దయ్యాక ఒకరోజు చూశాను. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, వాటి వెనకాల ఒక బోర్లించిన బాల్చీ మీద కూర్చునుంది. ఊరికే కూర్చునుంది."

పాలు పొంగితే నేను లేచాను.

ఆవిడ వెళ్ళిపోయారు. కానీ ఆవిడన్న "లవ్లీ" మా ఇంట్లోనే ఉండిపోయింది. దొరసాని మెచ్చిన చోటని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ ఆ మూల చూపించడం మొదలెట్టారు. నెలనెలా గీరించారు, సున్నం కొట్టించారు. ఆ ఎర్ర కుర్చీలో కూర్చుని ఎవరెవరో ఫోటోలు తీసుకున్నారు. జెముడుకాకి అవతల పొలంలో ఎక్కడో కూసేది, కనపడేది కాదు. ఆ ఎండాకాలమంతా నేను మధ్యాహ్నాలు స్నానాలగది గుమ్మం మీద కూర్చున్నాను. అక్కడికీ వచ్చి "ఆంటీ, వైఫై పాస్‌వర్డు ఏంటండీ" అని అడిగారు.

తొలకరి పడింది. ఒకరోజు పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తుంటే కంచెలో దురదగొండి తీగ కనపడింది. మీకు తెలిసే ఉంటుంది, ఆకు తగిలితే చాలు, గంట సేపు గోక్కోడమే. మా చిన్నప్పుడు దాని నీడ కూడా తొక్కేవాళ్ళం కాదు. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో! ఇంటికి వెళ్ళి పట్టకారూ గోనెపట్టా తెచ్చుకున్నాను. సాయంత్రానికి ఆ మూలకి వెళ్ళే దారికి అడ్డంగా, సున్నం కొట్టిన ఇటుకల వెంబడి నాటేశాను. కింద పేడ వేశాను. దురదగొండికి పేడ వేసి పెంచిన ఆడది కోనసీమ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వానలకి అది ఆగుతుందా! వినాయకచవితికి ఇటుకల్ని మింగేసింది. కార్తీకానికి, పాకడానికని నేను పాతిన వెదురు దడి మీదికి ఎగబాకి గోడలా నిలబడింది. కూలికొచ్చినాయన ఒకసారి చెయ్యి పెట్టి, "బాబోయ్, నా వల్ల కాదండి" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఆయన స్వయంగా కత్తి పట్టుకుని బయల్దేరారు. రెండు నిమిషాలకి కేకలు పెట్టుకుంటూ వచ్చారు. చేతులు మోచేతుల దాకా బూరెల్లా పొంగాయి. కూర్చోబెట్టి కొబ్బరినూనె రాశాను.

"ఏ దరిద్రుడు నాటేడే దీన్ని ఇక్కడ?"

"నేనేనండి."

ఆయన గోక్కోవడం ఆపేశారు.

"నువ్వా? ఎందుకే?"

"నేను కూర్చోడానికి."

"కూర్చోడానికి ఇంత ఇల్లుంది కదే!"

"ఇల్లు మీరు అందరికీ ఇచ్చేశారు కదండీ" అన్నాను. కోపంగా అనలేదు, కోప్పడే ఓపిక నాకు లేదు. నూనె రాస్తూనే అన్నాను. ఆయన నా మొహం వంక చూశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలా చూడలేదు. చేతులు చాచి, నేను రాసినంతసేపూ బుద్ధిగా కూర్చున్నారు.

మర్నాడు లాను మీద రోలు లేదు. దురదగొండి దడి అవతల, బోదె పక్కన, ఎప్పటిలాగే బోర్లించి ఉంది. ఎర్ర కుర్చీ తీసేశారు. దడి ఇవతల రొయ్యల చెరువుల వాళ్ళు తొడుక్కునే రబ్బరు బూట్ల జత ఒకటి పెట్టారు. నా పాదానికి ఒక వేలెడు పెద్దవే.

మొన్న మధ్యాహ్నం నేను అక్కడ కూర్చుని ఉన్నాను. ఉత్తరేణి మళ్ళీ లేచింది. ముంగిస రాలేదు, సిమెంటు చేసిన గోడని అది ఇంకా నమ్మడం లేదు. జెముడుకాకి మాత్రం వచ్చింది. దడి అవతల మాటలు వినపడ్డాయి. హైదరాబాదు నుంచి వచ్చిన వాళ్ళకి మా ఆయన పెరడు చూపిస్తున్నారు.

"ఆ వెనక ఏముందండీ? వెళ్ళొచ్చా?" అని ఎవరో ఆడపిల్ల అడిగింది.

అతిథి అడిగితే మా ఆయన కాదన్నది నేను ఎరగను. అడగకముందే చేసే మనిషి, అడిగాక కాదంటారా?

"లేదండి. అటు వెళ్ళకూడదండి" అన్నారు. "అది మా ఆవిడదండి."

అడుగులు ముందు వాకిలి వైపు వెళ్ళిపోయాయి. ఐదింటికి లేచి టీలు పెట్టాలి. ఆ పెద్ద బూట్లలో కాళ్ళు చాపుకుని ఇంకాసేపు కూర్చున్నాను.